పురిటికొచ్చిన పులస

ఆగస్టు వచ్చిందంటే మన ఫోన్లలో రెండు రకాల వీడియోలు తప్పవు. ఒకటి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక. రెండోది యానాంలో పులస వేలం. ఒకాయన చేపని రెండు చేతులతో ఎత్తి కెమెరాకి చూపిస్తాడు, వెనక నుంచి పాటలు పెరుగుతుంటాయి, కింద కామెంట్లలో "మా నెల ఈఎంఐ బ్రో ఇది" అని ఎవరో ఒకరు రాస్తారు. ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ప్రతి వీడియోకీ క్యాప్షన్ అయిపోతుంది.

మాది కోటిపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. అందుకే వర్షాకాలం రాగానే ఆఫీసులో నాకు హఠాత్తుగా స్నేహితులు పెరుగుతారు. మామూలు రోజుల్లో నా మెసేజ్‌కి నీలం టిక్కులు పెట్టి వదిలేసే మనిషి కూడా "మీ వైపు పులసలు పడుతున్నాయట కదా" అని పలకరిస్తాడు.

నేను పనిచేసేది పార్శిళ్ల ట్రాకింగ్ మీద. మీ ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే మ్యాప్ మీద ఒక చుక్క ఉంటుంది చూడండి, అలాంటి చుక్కల వెనక కోడ్ రాసేవాళ్లలో నేనొకణ్ణి. మా ఊరి నుంచి ఎవరైనా ఐసు వేసి థర్మాకోల్ డబ్బాలో పులస పంపిస్తే, ఆ డబ్బా రావులపాలెం దాటిందా, సూర్యాపేట చేరిందా అన్నది నిమిషాల లెక్కన చెప్పొచ్చు. లోపలున్న చేప డబ్బాలోకి రాకముందు ఎక్కణ్ణుంచి బయల్దేరింది, ఎక్కడికి వెళ్తోంది, దారిలో దానికేం ఎదురైంది? దానికి మాత్రం ఏ యాప్‌లోనూ చుక్క లేదు.

ముందు దాని బయోడేటా. శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిశ్ ఇదే. సముద్రంలో ఉన్నంతకాలం మనవాళ్లు విలస అనో ఇలస అనో అంటారు, అప్పుడు దానికంత గిరాకీ ఉండదు. గోదారి ఎర్రనీళ్లు సముద్రంలో కలవడం మొదలయ్యాక అది వరదకి ఎదురీదుకుంటూ నదిలోకి వస్తుంది. అప్పుడు పేరు పులసగా మారుతుంది, ధర మారుతుంది, మనుషుల మర్యాద కూడా మారుతుంది. వచ్చేది గుడ్లు పెట్టడానికి. ఒక్కో ఆడ చేప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. ఎదురీతకీ గుడ్లకీ సరిపడా కొవ్వు ముందే ఒంట్లో దాచుకుని బయల్దేరుతుంది. బెండకాయలు, ఆవకాయ నూనె వేసి మట్టి దాకలో వండి, మర్నాటి పొద్దున తింటే వచ్చే ఆ రుచిలో పెద్ద వాటా ఈ కొవ్వుదే. అంటే మనం అంత డబ్బు పోసి కొనేది దాని దారి బత్తెం.

మా మామ్మకి ఇదంతా చెబితే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "పురిటికొచ్చిన చేప రా అది. అందుకే ఆ రుచి" అంది. అని, ముల్లు తీసుకుని ఇంకో ముక్క తింది.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే ఇదే మాట నేను పక్షుల గురించి చాలాసార్లు విన్నాను, వేరే అర్థంలో.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం పేరు మీరు వినే ఉంటారు. ఊరి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కూడా అంతే. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో అయితే ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగల కాపురం. ఆ పక్షులు బెదిరిపోతాయని అక్కడి జనం దీపావళికి టపాకాయలు కాల్చరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని చెప్పుకుంటారు. రెట్టల కంపు భరిస్తారు, పిల్ల కింద పడితే తీసి కాపాడతారు. ఇదేమీ చిన్న విషయం కాదు. ఇంటి ముందు కారు పార్కింగ్ కోసం వేపచెట్టు కొట్టేసే కాలనీలో ఉంటున్న నాకైతే అస్సలు చిన్నగా అనిపించదు.

ఇక్కడొక చిన్న పక్కదారి. ఈ పక్షుల గురించి ఏ వీడియో చూసినా "సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన అతిథులు" అని మొదలవుతుంది. నిజానికి ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ ఈ ఉపఖండం పక్షులే. నీళ్లనీ చేపల్నీ బట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తిరుగుతాయి, అంతే. కనిపెట్టడానికి ఒక తేలికైన సూత్రం ఉంది. చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు, తిని బలం పుంజుకుని వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టేది తన ఉత్తరాది ఇంట్లోనే. కాబట్టి మన చింతచెట్టు మీద గూడు కనిపిస్తే అది విదేశీ అతిథి కాదు, మన ఊరి పిల్లే. ఈ లెక్కన గోదారిలో గుడ్లు పెట్టే పులస కూడా మన ఊరిదే. ఒకే రాష్ట్రంలో ఒక పురిటి మనిషికి దీపావళి మానేస్తాం, ఇంకో పురిటి మనిషికి వేలం పాడతాం.

ఈ తేడా ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. రుచి ఒక కారణం, కాదనను. కానీ పెద్ద కారణం పక్షి కనబడుతుంది, చేప కనబడదు. గూడు, గుడ్డు, పిల్ల, మొదటి ఎగురుడు అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. పులస కాపురం బురద నీళ్ల అడుగున. మనకి అది మొదటిసారి కనబడేదే వల్లో.

పక్షులైనా మొదటి నుంచీ కనబడలేదు లెండి. చలికాలంలో కొంగలు ఏమైపోతాయో యూరప్ వాళ్లకి చాలాకాలం అంతుపట్టలేదు. 1822లో జర్మనీలో ఒక కొంగని కాల్చి చూస్తే దాని మెడలో ఒక బల్లెం గుచ్చుకుని ఉంది. ఆ బల్లెం ఆఫ్రికాలో చేసింది! అంత గాయంతో అది ఖండం దాటి ఇంటికొచ్చింది. ఆ కొంగని ఇప్పటికీ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంచారు. వలస పరిశోధనలో మొదటి ట్రాకింగ్ ఐడీ అదేనని నేను మా టీమ్‌లో చెబుతుంటాను. తర్వాత కాళ్లకి రింగులొచ్చాయి, ఆ తర్వాత ఉపగ్రహాలకి సిగ్నల్ పంపే ట్యాగులొచ్చాయి. 2022లో ఒక గాడ్‌విట్ పక్షి, అదీ అయిదు నెలల పిల్ల, అలాస్కాలో లేచి టాస్మేనియాలో దిగింది. 11 రోజులు, దాదాపు 13,560 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా వాలలేదు. ఇలాంటి సంగతి ఎవరైనా ఊరికే చెబితే నమ్ముతామా? చుక్క ఉంది కాబట్టి నమ్మాం.

చుక్క వల్ల ఏం జరగగలదో తెలియాలంటే నాగాలాండ్ వెళ్లాలి. అక్కడ వోఖా జిల్లాలో డోయాంగ్ జలాశయం ఉంది. ఏటా అక్టోబరు, నవంబరుల్లో అముర్ ఫాల్కన్ అనే చిన్న డేగలు లక్షల్లో అక్కడ ఆగుతాయి. సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి వచ్చి, దక్షిణాఫ్రికా దాకా పోయే దారిలో అది వాటికి హాల్ట్. ఒక్కో పక్షి బరువు 150 గ్రాములుంటే ఎక్కువ. 2012లో కొందరు ప్రకృతి ప్రేమికులు, జర్నలిస్టులు అక్కడికెళ్లి చూస్తే, చెట్ల మధ్య చేపల వలలు కట్టి పక్షుల్ని పడుతున్నారు. ఒక్క సీజన్‌లో లక్షా ఇరవై వేల నుంచి లక్షా నలభై వేల దాకా చంపుతున్నారని వాళ్లు వేసిన లెక్క. ఆ వీడియోలు బయటికొచ్చాక దేశమంతా గగ్గోలు.

మర్నాటి ఏడాది, 2013లో, ఆ వలలు లేచిపోయాయి. పాంగ్తి లాంటి గ్రామాల సభలు కూర్చుని వేట మానాలని తీర్మానం చేశాయి. చర్చిలు చెప్పాయి, అటవీ శాఖ చెప్పింది. ఆ నవంబరులో భారత వన్యప్రాణి సంస్థ వాళ్లు, హంగరీ శాస్త్రవేత్తలతో కలిసి మూడు పక్షులకి అయిదు గ్రాముల ట్యాగులు కట్టారు. పేర్లు నాగా, పాంగ్తి, వోఖా. ఊరి పేరున్న పక్షి! అది బంగాళాఖాతం మీదుగా దక్షిణ భారతం దాటి, అరేబియా సముద్రం దాటి, సోమాలియా వైపు పోతుంటే ఊళ్లోవాళ్లు వార్తల్లో చూశారు. మరుసటి ఏడాది నాగా తిరిగి డోయాంగ్‌కి వచ్చింది కూడా. కిందటేడు వరకూ కూర అయిన పక్షి కాస్తా మన ఊరి అమ్మాయి ఫారిన్ వెళ్లొచ్చినట్టు అయిపోయింది.

ఇది ఏదో అద్భుతం అని చెప్పను. అక్కడ చాలా కుటుంబాలకి ఆ వేట ఏడాదికోసారి చేతికొచ్చే నగదు. దాన్ని వదులుకున్నది వాళ్లు, చప్పట్లు కొట్టింది మనం. ఈ మాట మళ్లీ కావాలి, గుర్తుంచుకోండి.

సరే, అదే ట్యాగు పులసకి కట్టేయొచ్చు కదా అని నాకూ అనిపించింది. కుదరదు. రేడియో సిగ్నల్ ఉప్పునీళ్లని దాటి పైకి రాదు. నదిలో అయితే శబ్దం చేసే ట్యాగులు పెట్టి, దారి పొడవునా వాటిని వినే పరికరాలు పాతొచ్చు. కానీ పులస మరీ సున్నితం, వల తగిలి నీళ్లలోంచి బయటికొస్తే నిమిషాల్లో చచ్చిపోతుంది. బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు గంగ మీద ఫరక్కా బ్యారేజీకి ఎగువన ఇలిశ్ చేపల్ని వదిలి, కొన్నిటికి గుర్తు ట్యాగులు వేశారు. అది మళ్లీ ఎవరి వల్లోనైనా పడితే, ఆయన ఫోన్ చేస్తే తెలుస్తుంది. అంటే దారి మొత్తం కాదు, రెండు స్కాన్‌లు మాత్రమే. బుకింగ్, డెలివరీ.

అయితే చేప దగ్గర దాని లాగ్ ఫైల్ అదే రాసుకుంటుంది. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చేప తలలో, చెవి భాగంలో, చిన్న సున్నపు రాయి ఉంటుంది. ఓటోలిత్ అంటారు. చేప పెరిగేకొద్దీ ఆ రాయి మీద చెట్టు మానులో లాగా పొర మీద పొర చేరుతుంది. పిల్ల చేపలో అయితే రోజుకో పొర. ఒకసారి పడిన పొర చెరగదు. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం ఎక్కువ, నది నీళ్లలో తక్కువ. చేప ఏ నీళ్లలో ఉంటే ఆ గుర్తు ఆ రోజు పొరలో పడుతుంది. రాయిని కోసి, మధ్య నుంచి అంచు దాకా పరీక్షిస్తే అది ఎక్కడ పుట్టింది, ఎప్పుడు సముద్రానికి పోయింది, ఎప్పుడు వెనక్కి మళ్లింది అన్నది ఒక గ్రాఫ్‌లా వచ్చేస్తుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2000ల మొదట్లోనే బంగ్లాదేశ్ ఇలిశ్ మీద ఈ పని చేశారు.

ఒకటే చిక్కు. చేప చచ్చాకే ఆ రాయి చదవగలం. కోడర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది కోర్ డంప్. మనం మాత్రం ఏటా తలకాయ ముక్కలతో పాటు ఆ లాగ్‌లన్నీ పులుసులో వేసి, ఎముకల్లో కలిపి పారేస్తున్నాం. ఈసారి తలకాయ తినేటప్పుడు పంటికి బియ్యపుగింజలాంటి రాయి తగిలితే ఊసేముందు ఒక్కసారి చూడండి.

ఇక పులస దారి సంగతి. సముద్రం నుంచి గౌతమి లోనో వశిష్ఠ లోనో ఎదురీదుకుంటూ వస్తే ధవళేశ్వరం దగ్గర అడ్డం తగులుతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడక్కడ ఉన్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. మా జిల్లాలో కాటన్‌ని ఒక్క మాట అంటే ఊరుకోరు, అనాలని నాకూ లేదు. మా ఇంట్లో నాలుగు తరాల అన్నం ఆయన కాలవ నీళ్లదే. కానీ ఆ నీళ్ల లెక్కలో చేపకి వాటా ఎవరూ రాయలేదు. కావేరి మీద 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చాక అక్కడి ఇలిశ్ దెబ్బతింది. ఒకప్పుడు అలహాబాద్ పైదాకా వెళ్లిన గంగ ఇలిశ్‌కి 1975లో ఫరక్కా అడ్డొచ్చింది. ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో పులసల కోసమని చేపల నిచ్చెన కట్టారు. మంచిదే. అయితే ఆ నిచ్చెన మొదటి మెట్టు ఎక్కాలంటే పులస ముందు కింద నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ధవళేశ్వరం దాటి రావాలి. ప్రొడక్షన్‌లో రెండో సర్వర్‌ని బాగుచేసి మొదటి సర్వర్ సంగతి మరిచిపోవడం మా ఫీల్డ్‌లోనూ ఉంది కాబట్టి నేనెక్కువ మాట్లాడను.

ఇది మనొక్కరి గోల కూడా కాదు. 2024లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక ప్రకారం, లెక్కలు దొరుకుతున్న వలస మంచినీటి చేపల జనాభాలు 1970 నుంచి 2020 మధ్య సగటున 81 శాతం తగ్గాయి. వంద చేపల్లో 81 చచ్చాయని దీని అర్థం కాదు, ఒక్కో జనాభా తగ్గుదలకి తీసిన సగటు అది. అయినా ఏ డాష్‌బోర్డు మీద ఇలాంటి గీత కనిపించినా రాత్రికి రాత్రి అందర్నీ లేపేస్తారు.

పోయిన జులైలో ఊరెళ్లినప్పుడు నాన్న స్నేహితుడు ఒకాయన్ని కలిశాను. నది మీద నలభై ఏళ్లుగా వల వేస్తున్నాడు, నేను బాబాయ్ అంటాను. నావ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మెల్లగా అడిగాను.

"బాబాయ్, పులసలు పైకొచ్చే రోజుల్లో ఒక ఇరవై రోజులు వేట ఆపమంటే ఆపుతారా?"

"ఆపుతాం. ఆ ఇరవై రోజులు నీ జీతం మాకిచ్చెయ్."

నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. "వలకి తెచ్చిన అప్పు, పిల్లదాని ఫీజు, అన్నీ ఈ రెండు నెల్లమీదే ఉంటాయి అబ్బాయ్. అవతల సముద్రంలో పెద్ద బోట్లు లాగేత్తంటే ఆళ్లని అడిగేవోడు లేడు. రోజుకి ఒకటి పడితే గొప్ప అనుకునే నన్నొచ్చి అడుగుతున్నావ్. పైగా అది ఇదివరకట్లా వత్తందా? మా నాన్న టైంలో బుట్టల్తో మోసేవోళ్లం."

ఆయన కోపంలో న్యాయం ఉంది. మన తూర్పు తీరంలో సముద్రపు వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. ఆ రెండు నెలలకీ సముద్రపు మత్స్యకారులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో దాన్ని ఇరవై వేలు చేశారు. పులస గోదారిలోకి వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా. అంటే ఈ నిషేధం ముగిసి, బోట్లన్నీ మళ్లీ సముద్రంలోకి దిగాక దాని ప్రయాణం మొదలవుతుంది. పులస క్యాలెండర్‌కీ మన క్యాలెండర్‌కీ పొంతనే లేదు.

బంగ్లాదేశ్ వాళ్లు ఈ క్యాలెండర్‌ని చేప వైపు నుంచి రాసుకున్నారు. అక్కడ ఇలిశ్ ఎక్కువగా గుడ్లు పెట్టేది ఆశ్వయుజ పౌర్ణమి అటూ ఇటూ. అందుకే అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిశ్ వేట, అమ్మకం, రవాణా అన్నీ బంద్. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపని జాట్కా అంటారు, దాన్ని నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి బియ్యం ఇస్తారు. చాలదని వాళ్లు గొడవ పెడతారు, దొంగచాటు వేట కూడా జరుగుతుంది. అయినా 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గరున్న ఇలిశ్ దిగుబడి 2017-18కి అయిదు లక్షల టన్నులు దాటింది. ఇదంతా నిషేధం పుణ్యమే అనలేం, వేటకెళ్లే పడవలూ పెరిగాయి. కానీ పురిటి రోజులు వదిలేస్తే చేప తిరిగొస్తుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

నా అభిప్రాయం అడిగితే, పులస తినొద్దని స్టేటస్ పెట్టడం వల్ల లాభం లేదు. ఇరవై వేలు పెట్టి కొనేవాడు నా స్టేటస్ చూడడు. ఆపాల్సింది కొన్ని రోజులు, ఆపితే భృతి నది మీదున్న నావలకి కూడా రావాలి, ఏ రోజులు ఆపాలో తేల్చడానికి లెక్క కావాలి. పులస మంద ఏ వారంలో ఎక్కడుంటుంది, శన ఉన్న చేప ఏ తేదీల్లో ఎక్కువ పడుతుంది అన్న సంగతి ఇప్పుడు బాబాయ్ లాంటివాళ్ల బుర్రల్లోనే ఉంది. ఆయన రిటైరైతే అది కూడా ఉండదు.

అందుకే ఆయన్ని ఇంకోటి అడిగాను. వల తీసినప్పుడల్లా నాకొక వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. రేవు పేరు, పోటా పాటా, చేప తూకం, శన పులసా గొడ్డు పులసా. అంతే. "దేనికిది?" అన్నాడు. "ఎప్పుడో ఒకరోజు ఆపమని ఎవరైనా ఆర్డరిస్తే, మీ లెక్క మీ చేతిలో ఉండాలి కదా" అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది. ఇంకో ఇద్దరు నావలవాళ్లకి కూడా చెప్పాడు. నేను రాత్రిళ్లు ఆ మెసేజ్‌లు విని షీట్‌లో ఎక్కిస్తుంటాను. పరిశోధన అనే పెద్ద పేరు పెట్టను. వెనకాల ఇంజిన్ మోత, మధ్యలో ఎవర్నో తిట్టడం, "ఒరే ఆగరా, అబ్బాయికి చెబుతున్నా" అనడం, అన్నీ ఉంటాయి. అయినా తేదీ, రేవు, తూకం మాత్రం తప్పకుండా చెబుతాడు.

మొన్న రాత్రి పదకొండున్నరకి మెసేజ్ వచ్చింది. "అబ్బాయ్, ఇయ్యాళ మూడుసార్లు వేశాం. ఒక్కటీ పళ్లేదు. పడనిది కూడా రాత్తావా?"

రాస్తాను బాబాయ్ అని టైప్ చేసి, ఆ తేదీ పక్కన సున్నా వేశాను.